డ్రైవ్ దూరం పోవాలంటే: గోల్ఫ్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. టీ అనే చిన్న పుల్ల మీద పెట్టి, డ్రైవర్ అనే పొడవాటి క్లబ్‌తో కొట్టే బంతి ఇంకా దూరం పోవాలంటే ఏం చేయాలి? విజయవాడ, గుంటూరు పాఠకుల్లో చాలామంది సాధన చేసేది ఇంటి మీద నెట్‌లో, ఆడేది ఎప్పుడో వీలు దొరికినప్పుడు విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో, హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనున్న కోర్సులోనో. కాబట్టి నెట్‌లో చేసుకోగలిగినవే ఎక్కువగా చెబుతున్నాను. అందరూ కుడిచేతి వాటం వాళ్లే అనుకుని రాశాను. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

ప్రశ్న: మాస్టారూ, నాకు 38 ఏళ్లు, సివిల్ ఇంజనీర్ని. కాలేజీ టీమ్‌లో ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌గా ఆడాను. గోల్ఫ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. డ్రైవర్‌తో ఎంత గట్టిగా కొట్టినా 190 యార్డులు దాటడం లేదు. బంతి ఎడమవైపు బయల్దేరి, చివర్లో కుడికి వంగి చెట్లలో పడుతోంది. నాతో ఆడే ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద, మనిషి బక్కపలచన, అయినా నా బంతిని దాటించి 30 యార్డులు ముందు పడేస్తారు. జిమ్‌లో బరువులు పెంచమంటారా? మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన డ్రైవర్ వాడుతున్నాను, ముఖం వాలు (లాఫ్ట్) 9 డిగ్రీలు, కర్ర (షాఫ్ట్) బిరుసైన స్టిఫ్ రకం. — పటమట, విజయవాడ

జిమ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు బంతి మీ క్లబ్ ఫేస్ మీద, అంటే బంతిని తాకే ముఖం మీద, ఎక్కడ తగులుతోందో తెలుసుకోండి. స్టేషనరీ షాపులో వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి కొనండి. బంతి మీద బఠాణీ గింజంత చుక్క పెట్టి, చుక్క క్లబ్ వైపు ఉండేలా టీ మీద నిలబెట్టి కొట్టండి. చుక్క ఫేస్ మీద అచ్చు పడుతుంది. దాన్ని తుడవకుండా ఓ పది బంతులు వరసగా కొట్టి, అప్పుడు డ్రైవర్ తిప్పి చూడండి. మీ ఉత్తరాన్ని బట్టి నా అంచనా, మీ మచ్చలన్నీ షాఫ్ట్ దగ్గరగా, అంటే హీల్ వైపు, కొంచెం కిందుగా ఉంటాయి.

ఆ మచ్చల్లోనే మీ 30 యార్డుల్లో చాలా భాగం ఉంది. ఫేస్ మధ్యలో సరిగ్గా తగిలితే క్లబ్ వేగానికి ఒకటిన్నర రెట్ల వేగంతో బంతి బయల్దేరుతుంది. మీ క్లబ్ గంటకు 90 మైళ్ల వేగంతో వస్తోందనుకుందాం. మధ్యలో తగిలితే బంతి వేగం 135 మైళ్లు. హీల్‌కి తగిలి 1.35 రెట్లే వచ్చిందంటే 121 దగ్గర ఆగుతుంది. అంతే బలం పెట్టారు, అంతే చెమట పట్టింది, 20 యార్డులకు పైగా దారిలోనే పోయాయి. పైగా హీల్‌కి తగిలిన బంతికి కుడివైపు తిరిగే స్పిన్ అదనంగా అంటుకుంటుంది, ఫేస్ కింది భాగానికి తగిలినదానికి వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది. మీ చెట్ల దారి అదే. మీ మిత్రుడి డ్రైవర్ మీద ఒకసారి ఆ మార్కర్ చుక్కలు వేయించి చూడండి. మచ్చలన్నీ ఐదు రూపాయల బిళ్లంత చోటులోనే ఉన్నా నాకు ఆశ్చర్యం ఉండదు.

ఇక ఎడమకు బయల్దేరి కుడికి వంగడం ఎందుకు? బంతి ఏ దిక్కున బయల్దేరుతుందో చాలావరకు ఫేస్ నిర్ణయిస్తుంది. ఎటు వంగుతుందనేది, ఫేస్‌కీ క్లబ్ వచ్చే దారికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. మీ క్లబ్ బయటినుంచి లోపలికి, అడ్డంగా కోసుకుంటూ వస్తోంది. ఆ దారితో పోలిస్తే ఫేస్ తెరుచుకుని ఉంది. దీనికి మూలం మీ క్రికెట్‌లో ఉంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మన ఊళ్లో నా దగ్గరకు వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది క్రికెట్ ఆడినవాళ్లే, వాళ్లకు కన్నూ చెయ్యీ కలిసి పనిచేస్తాయి, అది పెద్ద వరం. కానీ క్రికెట్‌లో కోచ్ మీకు రెండు సంగతులు ఒంటికి పట్టించి ఉంటాడు. ఒకటి, తల బంతి మీదకి తీసుకెళ్లు, బరువు ముందు కాలి మీదకి రావాలి. రెండు, ఎడమ మోచెయ్యి పైకి లేపి, బ్యాట్ పూర్తి ముఖం బౌలర్‌కి కనబడేలా చివరిదాకా పట్టు. కవర్ డ్రైవ్ నేల మీద పరుగెత్తాలంటే ఈ రెండూ కావాలి. టీ మీద పెట్టిన గోల్ఫ్ బంతికి ఈ రెండూ పనికిరావు. ఇక్కడ బంతి తగిలే క్షణానికి తల బంతికి వెనకే ఉండాలి. ముంజేతులు తిరగాలి, బంతి వెళ్లాక కుడి ముంజెయ్యి ఎడమదాని మీదుగా దాటాలి. మీరు బ్యాట్ పట్టినట్టు ఫేస్‌ని చివరిదాకా అలాగే నిలిపి ఉంచితే అది మూసుకోవడానికి వీలే లేదు.

పట్టు దగ్గరే మొదలుపెట్టండి. ఎడమచేత్తో క్లబ్ పట్టుకుని కిందికి చూస్తే కనీసం రెండు, వీలైతే మూడు పిడికిలి కణుపులు కనబడాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత మీ కుడి భుజం వైపు చూడాలి. కొత్తలో బంతి ఎడమకి పోతుందేమోనని భయమేస్తుంది. పోనివ్వండి. రెండు వారాలు ఎడమకి పోతే పోయిందేమీ లేదు.

నిలబడే తీరు చూద్దాం. బంతి ఎడమ మడమకు ఎదురుగా, కాస్త లోపలికి ఉండాలి. పాదాలు భుజాలకన్నా కొంచెం ఎడం. టీ ఎత్తు, నేల మీద పెట్టిన డ్రైవర్ తల పైనుంచి బంతి సగం కనబడేంత. కుడిచెయ్యి ఎడమచెయ్యికి కింద ఉంటుంది కాబట్టి కుడి భుజం కూడా ఎడమదానికన్నా కిందికి వాలాలి. ఇలా వాలితే క్లబ్ కిందికి దిగి, మళ్లీ పైకి లేస్తున్నప్పుడు బంతిని తాకుతుంది. బంతి ఎత్తుగా, తక్కువ స్పిన్‌తో పోతుంది. ఇక్కడ ఒక మాట. టీవీలో అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో ఆడే మగవాళ్లను చూసి నేర్చుకోవద్దు. వాళ్ల సగటు క్లబ్ వేగం గంటకు 113 మైళ్లకు పైనే, వాళ్లు సగటున డ్రైవర్‌ని ఒక డిగ్రీ కిందికే కొట్టినా చెల్లుతుంది. మహిళల టూర్ ఎల్‌పీజీఏలో ఆడేవాళ్ల సగటు 94 మైళ్ల దగ్గర, అంటే మీకు చాలా దగ్గర. వాళ్లు సగటున 3 డిగ్రీలు పైకి కొడతారు, ఆ వేగానికే బంతి గాలిలో దాదాపు 220 యార్డులు పోతుంది. మీరు చూడాల్సింది వాళ్లని.

పైకి కొట్టడం నెట్‌లో అలవాటు కావాలంటే, కొత్త బంతులు వచ్చే చిన్న అట్టపెట్టె ఖాళీది ఒకటి తీసుకుని, టీకి ముందు అడుగు దూరంలో పెట్టండి. బంతిని కొట్టి, పెట్టెను తాకకుండా క్లబ్ దాని మీదుగా వెళ్లాలి. పెట్టె ఎగిరిపోతే క్లబ్ ఇంకా కిందికే దిగుతోందని అర్థం.

ఇప్పుడు అసలు విషయం, ఒళ్లు కదిలే వరస. ప్రకాశం బ్యారేజీ దిగువన నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు విసురువల వేసేవాళ్లని పొద్దున్నే ఒకసారి ఆగి చూడండి. ఆ మనిషి వల ఎత్తుకుని నడుము వెనక్కి తిప్పుతాడు. వల ఇంకా వెనకే ఉండగా ముందు కాలు నీళ్లలో గట్టిగా ఊనుతుంది, తుంటి తిరుగుతుంది, ఆ వెనక ఛాతీ, ఆ వెనక చేతులు, అన్నిటికన్నా ఆఖర్న వల. చేతులతో తోస్తే వల ముద్దగా దగ్గర్లోనే పడుతుంది. డ్రైవ్ కూడా ఇదే వరస. మీరేం చేస్తున్నారంటే, పైనుంచి దిగడం మొదలుపెట్టగానే కుడి భుజాన్ని బంతి మీదకి విసురుతున్నారు. క్లబ్ బయటి దారిలోకి తోసుకుపోయేది అప్పుడే, హీల్ తగిలేదీ అందుకే. క్లబ్ వెనక్కి వెళ్లడం పూర్తయ్యేలోపే బరువు ఎడమ పాదం మీదకి రావడం మొదలవ్వాలి. ఇది మాటలతో వంటబట్టదు, అడుగుతో పడుతుంది. పాదాలు రెండూ దగ్గరపెట్టి నిలబడి క్లబ్ వెనక్కి ఎత్తండి. అది పైకి చేరుతుండగానే ఎడమకాలితో లక్ష్యం వైపు ఒక అడుగు వేసి, ఆ అడుగు ఊనాక మాత్రమే ఊపు దించండి. మొదట బంతి లేకుండా చేయండి. తర్వాత డ్రైవర్‌కన్నా పొట్టిదైన 7 ఐరన్ క్లబ్‌తో, ఆ తర్వాతే డ్రైవర్‌తో.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన సాధన. డ్రైవర్‌ని తలకిందులుగా పట్టుకోండి, తల దగ్గర షాఫ్ట్ మీ చేతిలో, పిడి కిందికి. పూర్తి ఊపు ఊపితే గాలిని కోస్తూ రివ్వుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఎక్కడ గట్టిగా వినబడుతోందో చెవి పెట్టండి. కుడి భుజం దగ్గరే రివ్వుమంటే మీ వేగమంతా పైనే ఖర్చయిపోయింది, బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ నెమ్మదిస్తోంది. ఎడమ పాదం దాటాక రివ్వుమనాలి. పట్టు బిగిస్తే చప్పుడు ముందే వస్తుంది, సడలిస్తే ఆలస్యంగా, ఎడమ పాదం వైపు వస్తుంది, మీకే తెలిసిపోతుంది. సాయంత్రం ఎండ దిగాక డాబా మీద ఫ్యాన్లూ ట్రాఫిక్కూ తగ్గిన వేళ చేస్తే బాగా వినబడుతుంది. చుట్టూ పిల్లలు లేకుండా చూసుకోండి.

బావమరిది ఇచ్చిన డ్రైవర్ పక్కనపెట్టండి. 9 డిగ్రీల స్టిఫ్ షాఫ్ట్ మీకన్నా చాలా వేగంగా ఊపేవాళ్ల కోసం. మీ ఊపుకి బంతి లేవదు, లేవాలని మీరు కుడికాలి మీద వెనక్కి ఒరుగుతారు, అది ఇంకో రోగం. 10.5 లేదా 11 డిగ్రీలు, రెగ్యులర్ షాఫ్ట్ ఉన్నది వాడండి, పాతదైనా ఫర్వాలేదు. ఇక జిమ్. మధ్యలో తగలడం వచ్చాక తప్పకుండా వెళ్లండి, ముఖ్యంగా కాళ్లకీ తుంటికీ. క్లబ్ వేగం ఒక మైలు పెరిగితే సుమారు రెండున్నర యార్డులు వస్తాయి. అమెరికా ఆటగాడు బ్రైసన్ డిషాంబో ఒళ్లు పెంచి 2020లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, నిజమే. అతను ఒళ్లు పెంచకముందే మేజర్ టోర్నమెంట్లు ఆడే ప్రొఫెషనల్ అన్నది మరవొద్దు.

ప్రశ్న: నమస్తే సార్. మా అమ్మాయికి 13 ఏళ్లు. వాళ్ల తాతయ్య దగ్గర నేర్చుకుంది. పోటీలకు వెళ్తే మిగతా పిల్లలు డ్రైవ్ 40 యార్డులు ముందు కొడుతున్నారని టెన్షన్ పడుతోంది. మనిషి పొట్టి. నిదానంగా, తిన్నగా కొట్టమని మేం చెబుతున్నాం. ఇప్పుడు తాతయ్య డ్రైవర్‌నే కోసి పొట్టి చేయించి వాడుతోంది. — బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, నిదానంగా కొట్టమని దయచేసి చెప్పకండి. ఈ వయసులో ఒళ్లు వేగాన్ని నేర్చుకున్నంత సులువుగా ఇంకెప్పుడూ నేర్చుకోదు. తిన్నగా కొట్టడం తర్వాత దిద్దవచ్చు, నెమ్మదికి అలవాటుపడ్డ ఒంటిని పద్దెనిమిదేళ్లకు వేగం చేయించడం చాలా కష్టం. నెట్‌లో కొన్ని బంతులు ఎటు పోయినా సరే అని ఒళ్లు దాచుకోకుండా కొట్టనివ్వండి. కొట్టాక పడిపోకుండా, ఎడమకాలి మీద నిలబడగలిగితే చాలు, అదొక్కటే షరతు.

కోసిన క్లబ్ మాత్రం మాన్పించండి. షాఫ్ట్ కోస్తే పొడవు తగ్గుతుంది గానీ తల బరువు తగ్గదు, పైగా షాఫ్ట్ ఇంకా బిరుసెక్కుతుంది. పిల్ల ఆ ఇనుపబరువును లాగలేక మణికట్టు ముందే వదిలేస్తుంది. పిల్లల కోసం చేసిన తేలికపాటి క్లబ్ కొనండి, ఎత్తు పెరిగితే మళ్లీ మార్చాల్సి వస్తుంది, ఖర్చే, కానీ అది తప్పించుకోదగ్గ ఖర్చు కాదు. గోల్ఫ్ లేని రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడనివ్వండి, తాడాట ఆడనివ్వండి, బాస్కెట్‌బాల్‌ని రెండు చేతులతో పక్కనుంచి గోడకేసి కొట్టే ఆట నేర్పండి. నడుము తిప్పడం వాటితోనే వస్తుంది.

పాపతో ఒక మాట. తల్లీ, మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్ టూర్‌లో దూరం కొట్టేవాళ్లలో లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, తనకన్నా ఎంతో దూరం కొట్టే నెల్లీ కోర్డా లాంటి వాళ్ల మధ్య నాలుగు రౌండ్లు నిలబడి నాలుగో స్థానంలో వచ్చింది. కాంస్యానికి ఒక్క స్ట్రోక్ తేడా. ఆమె పుటింగ్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే తీరు, చూడు, పెద్దవాళ్లు చేతులు కట్టుకుని చూసేంత బావుంటుంది. నీ దూరం పెరుగుతుంది. ఆ లోపల పుటింగ్ మానకు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన లెక్చరర్ని, 64 ఏళ్లు. ఇదివరకు 200 దాకా పోయే డ్రైవ్ ఇప్పుడు 165కి వచ్చింది. నడుము తిరగడం లేదు. పొద్దున్న లేవగానే వెన్ను పట్టేసినట్టు ఉంటుంది. ఏమైనా మార్గం ఉందా? — అరండల్‌పేట, గుంటూరు

ఉందండి. కానీ ముందు డాక్టర్‌కో ఫిజియోకో వెన్ను చూపించుకోండి. వాళ్లు సరే అన్నాకే కింది మాటలు.

మీ నడుము తిరగడం లేదంటే, బహుశా పుస్తకంలో చెప్పినట్టు ఎడమ మడమ నేలకు అతికించి, తుంటి కదలకుండా పట్టి, ఛాతీని మాత్రం తిప్పాలని చూస్తున్నారు. ఇరవై ఏళ్లవాడికి సాగుతుంది. మీరు మడమ లేపండి. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లస్ తన జీవితమంతా లేపే ఆడాడు. క్లబ్ వెనక్కి పోతుంటే ఎడమ మడమ రెండంగుళాలు లేవనిచ్చి, దించేటప్పుడు ముందు ఆ మడమనే నేలకు తాకించండి, ఆ తర్వాతే చేతులు. కుడి పాదాన్ని నిలబడేటప్పుడే కొంచెం బయటికి తిప్పి పెట్టుకుంటే తుంటికి దారి దొరుకుతుంది. ఈ రెండు మార్పులకే భుజాలు చెప్పుకోదగ్గంత ఎక్కువ తిరగడం చాలామంది పెద్దవాళ్లలో చూశాను. ఆ క్షణంలో వాళ్ల ముఖం చూడాలి.

ఇంట్లో కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ల మధ్య దిండు నొక్కిపెట్టి, భుజాల మీద అడ్డంగా చేతికర్ర పెట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ తిరగండి. మోకాళ్లు కదలకూడదు, నొప్పి వచ్చేదాకా పోకూడదు. లేచీ లేవగానే వద్దు, కాఫీ తాగి, కాస్త నడిచాక చేయండి. కోర్సుకు వెళ్లిన రోజు కూడా మొదటి టీ మీద నేరుగా డ్రైవర్ తీయకండి, ముందు పొట్టి క్లబ్ వెడ్జ్‌తో చిన్న ఊపులు.

సామాను విషయానికొస్తే మీకు 12 డిగ్రీలు, తేలిక సీనియర్ షాఫ్ట్. లాఫ్ట్ పెంచితే దూరం తగ్గుతుందని చాలామంది భయపడతారు. మీ వేగానికి అది పెరుగుతుంది, ఎందుకంటే బంతి గాలిలో నిలబడే సమయం పెరుగుతుంది. పొడవైన డ్రైవర్ కొనమని షాపులో ఎవరైనా చెబితే వద్దనండి. రూల్స్‌లో 48 అంగుళాల దాకా ఒప్పుకుంటారు, పెద్ద పోటీల్లో 2022 నుంచి 46కి కుదించే వీలు పెట్టారు, కానీ ఎంత పొడుగైతే బంతిని మధ్యలో తగిలించడం అంత కష్టం. మీరు పిడి మీద అరంగుళం కిందికి పట్టుకున్నా తప్పులేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 165 కొట్టి ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) మధ్యలో ఉండేవాళ్లతో ఆడటం నాకు చాలా ఇష్టం. ముందున్న టీల నుంచి, అంటే గుంటకు దగ్గరగా ఉన్న మొదలుపెట్టే చోట్ల నుంచి ఆడండి. అందులో చిన్నతనం లేదు, ఆ టీలు పెట్టింది అందుకే.

ప్రశ్న: విశాఖలో గాలి తేమగా, బరువుగా ఉంటుంది కదా, అందుకే నా డ్రైవ్ అక్కడ పోవడం లేదంటారా? హైదరాబాద్‌లో బాగానే పోతోంది. — మొగల్రాజపురం, విజయవాడ

తేమ గాలి బరువు కాదండి. నీటి ఆవిరి మామూలు గాలికన్నా తేలిక, అందుకే తేమ పెరిగితే గాలి ఒక పిసరు పలచనవుతుంది. వేడి గాలి కూడా అంతే, మన మే నెల మధ్యాహ్నం బంతికి అనుకూలమే, మనుషులకే కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడ గాలి పలచన కాబట్టి బంతి కొన్ని యార్డులు ఎక్కువ పోవడం సహజం. విశాఖలో ఎదురు వచ్చే సముద్రపు గాలి, వాన తర్వాత దొర్లకుండా ఆగిపోయే మెత్తటి నేల మిగతా లెక్క తేలుస్తాయి.

అయితే తేమ మీ చేతుల దగ్గర దెబ్బ కొడుతుంది. అరచెయ్యి చెమట పడితే క్లబ్ జారుతుందని తెలియకుండానే పట్టు బిగుస్తుంది, బిగిస్తే వేగం పోతుంది. గ్లవ్‌లు రెండు ఉంచుకుని హోల్ హోల్‌కీ మార్చండి, రెండోదాన్ని బ్యాగ్‌కి బయట తగిలించండి, ఆరుతుంది. క్లబ్బుల్ని ఎండలో కారు డిక్కీలో వదలకండి, ఆ వేడికి పిడి రబ్బరు గట్టిపడిపోతుంది. ఇంటికి రాగానే గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో పిడి రుద్ది, తుడిచి నీడలో ఆరబెట్టండి. ఆరాక బొటనవేలితో రాస్తే గరుకుగా పట్టుకోవాలి. అప్పటికీ నున్నగా జారుతుంటే ఆ గ్రిప్ పనైపోయినట్టే, కొత్త డ్రైవర్ గురించి ఆలోచించేముందు అది మార్పించండి.